కళాశాల మార్చాలా, లోటు తీర్చాలా?

(వార్షిక స్కాలర్‌షిప్పుల సభలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఈ రోజు మేము ఒకే ఒక్క విషయం మాట్లాడదలిచాం. ఏటా ఏప్రిల్ వచ్చేసరికి మా ఆఫీసు బల్ల మీద ఒకే రకం దరఖాస్తులు పేరుకుంటాయి. ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ ఫలితాలు వచ్చిన వారంలోనే తల్లిదండ్రులు వస్తారు. "మా అమ్మాయికి డాక్టరు కావాలని ఉంది సార్. ఇప్పుడు చదివే కాలేజీ చాలదంటోంది. పట్నంలో పెద్ద కాలేజీలోకి మార్చాలనుకుంటున్నాం. ఫీజుకు సొసైటీ సాయం చేయాలి" అంటారు. వచ్చే నెలలో ఈ దరఖాస్తులు మళ్లీ వస్తాయి. మీ చందాలోంచి అతి పెద్ద మొత్తం కోరేవి ఇవే. ఒక పిల్ల రెండేళ్ల చదువును ఇటో అటో తిప్పేసేవీ ఇవే. అందుకే వీటిని ఎలా చూడాలో మీ అందరి ముందు పెట్టి మష్వరా తీసుకోవాలనుకున్నాం.

ముందే ఒక మాట. ఈ కోరిక అత్యాశ కాదు. ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి తమ పిల్లను డాక్టరుగా చూడాలనుకోవడం మనందరికీ గౌరవమే. బస్టాండులో దిగగానే గోడల నిండా ర్యాంకుల బొమ్మలు కనిపిస్తాయి. పక్కింటి వాళ్ల బాబు ఏదో క్యాంపస్‌లో చేరాడని తెలుస్తుంది. మన పిల్ల మాత్రం మండల కేంద్రంలోని ప్రభుత్వ కళాశాలలోనో, గురుకులంలోనో చదువుతూ ఉంటుంది. 'మేమే మా పిల్లకు అన్యాయం చేస్తున్నామా?' అనే దిగులు తల్లిదండ్రుల గుండెల్లో మొదలవుతుంది. ఆ దిగులు మాకు అర్థమవుతుంది. అయితే దిగులు పడి తీసుకునే నిర్ణయం వేరు, లెక్క చూసుకుని తీసుకునే నిర్ణయం వేరు.

సీటు దేన్ని బట్టి వస్తుందో ముందుగా చూద్దాం. 2017 నుంచి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎంబీబీఎస్ సీట్లు నీట్ ర్యాంకుతోనే నిండుతున్నాయి. వెనకటి ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. నీట్‌లో అది లేదు. ఇంటర్‌లో నిర్ణీత శాతం మార్కులతో పాసైతే చాలు, ఆ తర్వాత ర్యాంకే లెక్క. ఏ కళాశాలలో చదివావని కౌన్సెలింగ్‌లో మార్కులు వేసేవాళ్లు లేరు. ముస్లిం మైనారిటీ వైద్య కళాశాలల్లోనూ నీట్ లేకుండా సీటు లేదు.

పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. బోటనీ, జువాలజీ కలిపి 90 ప్రశ్నలు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. సిలబస్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం పాఠాలూ ఉంటాయి, రెండో సంవత్సరం పాఠాలూ ఉంటాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకే వస్తాం.

కాబట్టి కళాశాల మార్చాలని ఎవరు వచ్చినా మేము అడిగే మొదటి ప్రశ్న "ఏ కాలేజీలోకి?" అని కాదు. "ఇప్పుడు తక్కువైనదేంటి?" అని. దానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. "అక్కడ బాగా చెబుతారట" అంటారు. ఆ 'అట' మీద లక్షన్నర, రెండు లక్షలు పెట్టే ముందు పిల్ల రాసిన పరీక్ష పేపర్లు చూడాలి.

జహీరాబాద్ వైపు నుంచి, మైనారిటీ గురుకులంలో చదివే ఒక అమ్మాయి వచ్చింది. పేరు చెప్పం, ఆమె చదువు ఆమె సొంతం. తండ్రి పంక్చర్ షాపు నడుపుతాడు. హైదరాబాదులో ఒక హాస్టల్ కాలేజీలో చేర్పించాలని, అడ్వాన్సు కోసం అప్పు కూడా మాట్లాడుకుని వచ్చాడు. మేము ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, అక్కడే మూడు గంటల నమూనా పరీక్ష రాయించాం. బయాలజీలో 70 సరైనవి, 15 తప్పులు. అంటే 265 మార్కులు. కెమిస్ట్రీలో 22 సరైనవి, 15 తప్పులు. 73 మార్కులు. ఫిజిక్స్‌లో 12 సరైనవి, 20 తప్పులు. 28 మార్కులు. మొత్తం 366.

ఈ అంకెలు చూస్తే ఆమెకు తక్కువైంది కాలేజీ కాదని తెలిసిపోతుంది. గురుకులంలో బయాలజీ బాగానే చెబుతున్నారు. ఫిజిక్స్‌లో లెక్కలు రావడం లేదు, రానివాటిని ఊహించి దిద్దుతోంది. అడిగితే అసలు సంగతి బయటపడింది. "సార్, ఫిజిక్స్‌లో సైన్, కాస్ వస్తే అక్కడే ఆగిపోతాను" అంది. అంటే లోటు ఫిజిక్స్‌లో కూడా కాదు, పదో తరగతి లెక్కల్లో ఉంది. హైదరాబాదులో ఏ పెద్ద కాలేజీలో చేరినా, రెండో సంవత్సరంలో పదో తరగతి త్రికోణమితి ఎవరు చెబుతారు?

మేము తండ్రితో ఒకటే అన్నాం. "భాయ్, అప్పు ఆపండి. పిల్లను అక్కడే ఉంచండి." రిటైరైన ఒక ఫిజిక్స్ లెక్చరర్ గారు మన కోరిక మన్నించి వారానికి మూడు రోజులు ఫోనులో, సెలవుల్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నారు. గురుకులం ప్రిన్సిపాల్ గారు సాయంత్రం గంటసేపు ఫోను వాడుకునే ఏర్పాటు చేశారు. మొదటి రెండు నెలలు లెక్కలే. ఆ తర్వాతే ఫిజిక్స్. మొన్నటి నమూనా పరీక్షలో ఫిజిక్స్‌లో 22 సరైనవి, 10 తప్పులు. 78 మార్కులు. ఒక్క సబ్జెక్టులోనే 50 మార్కులు పెరిగాయి. దానికి అయిన ఖర్చు ఆ హాస్టల్ ఫీజులో చిన్న భాగం. ఆమె ఈ మే నెలలో నీట్ రాయబోతోంది. దువా చేయండి.

ఇక కళాశాల మారితే ఏం పోతుందో చూద్దాం. ఏం వస్తుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పోయేదాని గురించి అడ్మిషన్ కోసం ఇంటికి వచ్చే పీఆర్‌వోలు చెప్పరు.

మొదటిది, పాఠాల వరుస. పెద్ద కాలేజీల్లో నీట్ బ్యాచులు రెండేళ్ల ప్రణాళికతో నడుస్తాయి. మొదటి సంవత్సరం పాఠాలు నీట్ స్థాయిలో ఆ ఏడాదే చెప్పేస్తారు. చాలాచోట్ల వేసవిలోనే రెండో సంవత్సరం పాఠాలు మొదలవుతాయి. జూన్‌లో చేరిన మన పిల్లకు మొదటి సంవత్సరం పాఠాలు మళ్లీ చెప్పే తీరిక వాళ్లకు ఉండదు. నీట్‌లో ఆ పాఠాల ప్రశ్నలు మాత్రం తగ్గవు. పైగా జూన్ నుంచి మే మొదటి వారం దాకా ఉన్నది 11 నెలలు. అందులో ఇంటర్ ప్రాక్టికల్స్, వార్షిక పరీక్షలు పోను, కొత్త హాస్టలు, కొత్త స్నేహితులు, కొత్త లెక్చరర్లు అలవాటు కావడానికి రెండు నెలలు పోతే మిగిలేది ఎంత? మొదటి సంవత్సరంలో వెనకబడ్డాననే కాలేజీ మారే పిల్లకు ఆ వెనకబాటు అలాగే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

రెండోది, లోకల్ హోదా. ఇది అన్నిటికంటే పెద్దది, చాలామందికి తెలియనిది. దయచేసి జాగ్రత్తగా వినండి.

తెలంగాణలో 2024లో సవరించిన నిబంధనల ప్రకారం, రాష్ట్ర కోటాలో లోకల్‌గా ఎంబీబీఎస్ సీటు కోరేవారు వరుసగా నాలుగేళ్లు, అంటే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా, తెలంగాణలోనే చదివి ఉండాలి. ఇంటర్ పరీక్ష కూడా ఇక్కడే పాసై ఉండాలి. దీని మీద కోర్టుల్లో చాలా వాదనలు జరిగాయి. చివరకు 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది.

కోదాడ నుంచి ఒక తండ్రి వచ్చాడు. కొడుకు మొదటి సంవత్సరం కోదాడలోనే చదివాడు. రెండో ఏడాదికి విజయవాడ పంపుతానన్నాడు. "హైదరాబాదు కంటే విజయవాడే మాకు దగ్గర సార్, పొద్దున బస్సెక్కితే టిఫిన్ల వేళకు దిగుతాం" అన్నాడు. దూరం సంగతి నిజమే. మధ్యలో రాష్ట్రం సరిహద్దు ఉంది. ఆ బాబు రెండో సంవత్సరం విజయవాడలో చదివి అక్కడ పరీక్ష రాస్తే తెలంగాణలో లోకల్ కాకుండా పోతాడు. పోనీ ఆంధ్రప్రదేశ్‌లో లోకల్ అవుతాడా అంటే, అక్కడ ఒక్క ఏడాది చదివితే కాడు. రెండు చోట్లా పరాయివాడు. ఇక అతనికి మిగిలేది ప్రధానంగా జాతీయ కోటా. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లు దాని కింద ఉంటాయి. దేశమంతటితో పోటీ.

ఇంకో సంగతి. 2007లో వచ్చిన చట్టంతో ముస్లింలలోని కొన్ని వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. అది రాష్ట్ర కోటాలో పనికొస్తుంది. జాతీయ కోటాలో కేంద్రం ఓబీసీ జాబితాను చూస్తారు. రాష్ట్రం జాబితా వేరు, కేంద్రం జాబితా వేరు. ఇక్కడ బీసీ-ఈ ఉన్నంత మాత్రాన అక్కడ ఓబీసీ అవుతారని కాదు. అంటే ఆ బాబు ఒక్క బస్సు టికెట్‌తో లోకల్ హోదానూ, దానితో వచ్చే 4 శాతాన్నీ వదులుకోబోయాడు. తండ్రికి కాగితం మీద గీసి చూపించాం. కాసేపు మౌనంగా కూర్చుని, "ఈ మాట అడ్మిషన్‌కు వచ్చినాయన చెప్పలేదు సార్" అన్నాడు. ఆ బాబు ఇప్పుడు కోదాడలోనే చదువుతున్నాడు. రాజస్థాన్‌లోని కోటాకు పంపాలనుకునే వారికీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇంటర్ అయ్యాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు ఎక్కడికెళ్లినా ఈ బాధ లేదు. ఇంటర్ పూర్తి కాకముందు సరిహద్దు దాటితేనే చిక్కు.

ఆంధ్రప్రదేశ్ వైపు నుంచి వచ్చిన మిత్రులకు ఒక మాట. అక్కడ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం అని రెండు లోకల్ ప్రాంతాలు ఉన్నాయి. 85 శాతం సీట్లు లోకల్ వారివి. చివరి నాలుగేళ్లు వరుసగా ఒకే ప్రాంతంలో చదివితే అదే లోకల్. అలా లేకపోతే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. కర్నూలు పిల్ల పదో తరగతి దాకా అక్కడే చదివి ఇంటర్‌కు విజయవాడ వెళ్తే సాధారణంగా కర్నూలు వైపే లోకల్ అవుతుంది. ఏదైనా సరే, ఆరు నుంచి ఇంటర్ దాకా ప్రతి ఏడాది స్టడీ సర్టిఫికెట్ ఇంట్లో ఒక ఫైలులో ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మారే ముందు ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చూసుకోవాలి.

మూడోది, సెకండ్ లాంగ్వేజ్. మన పిల్లల్లో చాలామంది ఉర్దూ తీసుకుంటారు. పెద్ద ప్రైవేటు కాలేజీలు చాలావాటిలో సంస్కృతం తప్ప మరొకటి ఉండదు. మధ్యలో భాష మార్చాలంటే ఇంటర్ బోర్డు అనుమతి కావాలి, కొత్త భాషలో మొదటి సంవత్సరం పేపరు కూడా రాయాల్సి రావచ్చు. ఫిజిక్స్ చదవాల్సిన సాయంత్రాలు దానికి పోతాయి. ఉర్దూ మీడియం పిల్లలైతే మీడియం మారడం ఇంకా పెద్ద మార్పు. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ, ఉర్దూలోనూ ఉంటుంది. ఏ భాషలో రాస్తామో దరఖాస్తులోనే చెప్పాలి. మార్పు ఒత్తిడిలో ఆ కాలమ్ ఆలోచించకుండా నింపేసేవాళ్లూ ఉన్నారు.

నాలుగోది, కాగితాలు, డబ్బు. పాత కాలేజీ టీసీ ఇవ్వాలి. కొత్త కాలేజీ చేర్చుకోవాలి. బోర్డు ఒప్పుకోవాలి. ఒక ప్రైవేటు కళాశాల రెండో ఏడాది ఫీజు కూడా కడితేనే టీసీ ఇస్తామని పట్టుబట్టింది. పిల్ల జులై దాకా ఇంట్లో కూర్చుంది. చివరకు పెద్దలు వెళ్లి మాట్లాడితే ఇచ్చారు. అప్పటికి రెండు నెలలు పోయాయి. కొత్త చోట అడ్వాన్సు కట్టాక పిల్ల ఉండలేక వెనక్కి వస్తే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. అలాగే ఆ క్యాంపస్‌కు బోర్డు గుర్తింపు ఉందా, హాల్‌టికెట్ మీద ఏ కాలేజీ పేరు వస్తుంది అని ముందే అడగాలి. ఒకచోట కూర్చోబెట్టి, మరోచోట పేరు నమోదు చేసే క్యాంపస్‌లు ఉన్నాయి. స్కాలర్‌షిప్ కాగితాలకు చివర్లో అదే చిక్కు తెస్తుంది.

ఐదోది, ఇప్పుడు ఉచితంగా అందుతున్నది. 2016లో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో చాలావాటికి ఇప్పుడు జూనియర్ కళాశాలలు ఉన్నాయి. చదువు, వసతి, భోజనం, పుస్తకాలు ఉచితం. అక్కడి నుంచి వచ్చేస్తే ఆ సీటు మరొకరికి వెళ్తుంది, మళ్లీ రాదు. మన సొసైటీ ఇచ్చే ఫీజు ఒక ఏడాదికి సరిపోవచ్చు. హాస్టల్ ఖర్చులు, ప్రయాణాలు, జబ్బు చేస్తే మందులు, ఇవన్నీ ఆ పంక్చర్ షాపు మీదే పడతాయి.

ఇంత విన్నాక మేము కళాశాల మార్పుకే వ్యతిరేకమని అనుకోకండి. మారక తప్పని పిల్లలు ఉన్నారు. అలాంటి వారిని ఆపడం అన్యాయం.

ఒక బాబు మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివేవాడు. అక్కడ ఫిజిక్స్ పోస్టు ఖాళీ, కెమిస్ట్రీ పోస్టూ ఖాళీ. గెస్ట్ లెక్చరర్ వచ్చేసరికి సగం ఏడాది గడిచింది. ల్యాబ్ గదికి తాళం. బాబు మాత్రం సొంతంగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తెచ్చుకుని బయాలజీ మొత్తం చదివేశాడు. చెప్పేవాళ్లు లేని చోట అలాంటి పిల్లవాణ్ని ఉంచి ఓపిక పట్టమనలేం. మేమే కూర్చుని వెతికాం. చివరికి దొరికింది హోర్డింగుల మీద కనిపించే కాలేజీ కాదు, జిల్లా కేంద్రంలోని ఒక మామూలు కళాశాల. నాలుగు సైన్సు సబ్జెక్టులకూ పాత లెక్చరర్లు ఉన్నారు. ల్యాబ్ నడుస్తుంది. ఉర్దూ ఉంది. పైగా ఆ ఊళ్లో అతని మామూ ఇల్లు ఉంది. ఇంటి భోజనం, ఇంటి పడక. మనం కట్టింది ఫీజు, బస్ పాసు, టెస్ట్ సిరీస్ ఖర్చు. ఏప్రిల్‌లో నిర్ణయించాం, మే నెలలో టీసీ వచ్చింది, జూన్ మొదటి రోజు క్లాసులో కూర్చున్నాడు.

ఈ రెండు మూడు సంగతుల నుంచి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. మార్పు కోరే ప్రతి కుటుంబాన్నీ ఇవే అడుగుతాం.

ఇప్పుడున్న చోట లేనిది ఏమిటి? ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. 'ఫిజిక్స్ చెప్పేవారు లేరు' అన్నది జవాబు. 'వాతావరణం బాగాలేదు' అన్నది ఇంకా జవాబు కాలేదు, దాని లోపల ఏముందో చెప్పాలి.

అది కొత్త చోట ఉందని స్వయంగా చూశారా? తల్లిదండ్రులు క్యాంపస్‌కు వెళ్లాలి. హాస్టల్ గది, భోజనశాల, బాత్‌రూములు చూడాలి. మన పిల్లను ఏ సెక్షన్‌లో వేస్తారో అడగాలి. ర్యాంకులు తెచ్చే సెక్షన్ ఒకటి, మిగతా సెక్షన్లు వేరు. బోర్డు మీద బొమ్మలు మొదటి దానివి, మన పిల్ల కూర్చునేది ఏడో దాంట్లో కావచ్చు. నిరుడు మధ్యలో చేరిన పిల్లలు ఉంటే వాళ్లతో మాట్లాడాలి.

అదే లోటు ఉన్నచోటే తీరుతుందా? ఒక ట్యూషన్, ఒక టెస్ట్ సిరీస్, కొన్ని పుస్తకాలు, ఆదివారం చదువుకోవడానికి ఒక గది సరిపోతే వేరే ఊరు ఎందుకు?

లోకల్ హోదా, సెకండ్ లాంగ్వేజ్, టీసీ, బోర్డు గుర్తింపు, ఈ నాలుగూ చూసుకున్నారా?

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. పిల్ల ఏమంటోంది? తల్లిదండ్రులు లేని సమయంలో ఆమెను అడుగుతాం. కొందరు పిల్లలు ఇంట్లో వాళ్ల కోసం 'సరే' అంటారు. రాత్రి పదకొండింటి దాకా స్టడీ అవర్స్, వారానికో పరీక్ష, గోడ మీద అంటించే మార్కుల జాబితా, ఇవి కొందరికి ఊపునిస్తాయి, కొందరిని లోపల లోపలే కుంగదీస్తాయి. హాస్టళ్లలో పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మన సాయంతో చేరిన పిల్ల, 'దాతల డబ్బు వృథా అవుతుందేమో' అనే భయంతో బాధను దాచుకునే పరిస్థితి రాకూడదు. ప్రతి బిడ్డకూ మేము చెప్పేది ఒకటే. ఉండలేకపోతే ఫోను చెయ్యి, ఏ టైమైనా సరే. వెనక్కి వచ్చినా నీ స్కాలర్‌షిప్ ఆగదు.

అమ్మాయిల విషయంలో ఇంకొంచెం చెప్పాలి. 'దూరం పంపలేం' అని తల్లిదండ్రులు అంటే దాన్ని వెనకబాటుతనమని కొట్టిపారేయం. నమ్మకమైన హాస్టల్ ఉందా, ఆడ వార్డెన్ ఉందా, నెలకోసారి ఇంటికి వచ్చే వీలుందా అని వాళ్లతో కలిసి చూస్తాం. అన్నీ కుదిరి, ఆ మార్పు నిజంగా అవసరమైనప్పుడు 'ఆడపిల్ల కదా' అన్న ఒక్క కారణంతో ఆపితే మాత్రం ఒప్పుకోం. కొడుకు కోసం విజయవాడ దాకా ఆలోచించిన ఇల్లు కూతురి కోసం పక్క ఊరి దాకా అయినా ఆలోచించాలి కదా.

దాతలకు రెండు మాటలు. మీరు ఇచ్చేది మా దగ్గర అమానత్. జకాత్ సొమ్మును విడిగా ఉంచి, హక్కుదారులైన కుటుంబాల పిల్లలకే ఖర్చు చేస్తున్నాం. మిగతా సాయం సదఖా, చందాల నుంచి ఇస్తున్నాం. ఇది కొనసాగుతుంది. దీనికి తోడు మీ నుంచి మూడు సహాయాలు కోరుతున్నాం.

ఒకటి, 'ఫలానా కాలేజీలో చేరితే ఫీజు నేను కడతా' అని పిల్లలకు నేరుగా మాట ఇవ్వకండి. మీ మంచి మనసు మాకు తెలుసు. ఆ మాట విన్నాక ఆ కుటుంబం ఇంకేమీ ఆలోచించదు. 'ఈ పిల్లకు అవసరమైనది నేను ఇస్తా' అనండి. అవసరం ఏమిటో కలిసి చూద్దాం.

రెండు, పెద్ద మొత్తం ఒకే ఫీజుగా కాకుండా లోటు తీర్చే నిధిగా ఇవ్వండి. ఒక విద్యార్థి పెద్ద హాస్టల్ కాలేజీ ఫీజుతో ఎంతోమంది పిల్లలకు టెస్ట్ సిరీస్, పుస్తకాలు, ఫిజిక్స్ ట్యూషన్ ఏర్పాటు చేయవచ్చు. మార్పు నిజంగా అవసరమైతే ఫీజును విడతలుగా నేరుగా కాలేజీకే కడతాం, మధ్యలో వచ్చేస్తే ఎంత తిరిగి ఇస్తారో ముందే రాయించుకుంటాం.

మూడు, డబ్బే కాదు, సమయం ఇవ్వండి. ఈ సభలో డాక్టర్లు ఉన్నారు, లెక్చరర్లు ఉన్నారు, ఇంజనీర్లు ఉన్నారు. వారానికి రెండు గంటలు ఒక పిల్లకు ఫిజిక్స్ లెక్కలు చెప్పగలిగినవారు మా దగ్గర పేరు రాయించండి. ఆ జహీరాబాద్ అమ్మాయికి 50 మార్కులు పెంచింది ఒక పెద్దాయన సాయంత్రాలే.

ఒక మాట పిల్లలకూ చెప్పాలి. మొదటిసారి సీటు రాకపోతే జీవితం ముగిసినట్టు కాదు. నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు. 2022లో వయోపరిమితి కూడా తీసేశారు. అదే ర్యాంకుతో దంత వైద్యం ఉంది, ఆయుర్వేదం ఉంది, మన చార్మినార్ దగ్గరి నిజామియా తిబ్బీ కళాశాల లాంటి చోట్ల యునానీ ఉంది. నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ కోర్సులు ఉన్నాయి. ఇంటర్‌ను పక్కనపెట్టి నీట్ ఒక్కటే చదవమనే సలహా వినకండి. ఇంటర్ గట్టిగా ఉంటే ఇవన్నీ తెరిచి ఉంటాయి.

ముగించే ముందు ఈ ఏడాది మా ముందున్న ఒక దరఖాస్తు గురించి చెబుతాం. ఒక వితంతు తల్లి, ఇళ్లల్లో పని చేస్తుంది. కూతురు మొదటి సంవత్సరం చదువుతోంది. చదివేచోట లెక్చరర్లు ఉన్నారు, కానీ ఇంటి నుంచి రానూ పోనూ మూడు గంటల ప్రయాణం. సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరి వంట చేసి, తమ్ముణ్ని చూసుకుని, రాత్రి పదింటికి పుస్తకం పడుతోంది. ఆమె అడిగింది హాస్టల్ ఉన్న కాలేజీ. లోటు ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పింది: "నాకు చదువుకునే టైమ్ లేదు సార్."

ఆ లోటు ఆమెను కాలేజీ మార్చి తీర్చాలా, లేక ఇప్పుడున్న కాలేజీ పక్కనే ఒక మంచి హాస్టల్లో చోటు చూసి, ఆమె లేని సాయంత్రాలు తమ్ముణ్ని, తల్లిని ఆదుకుని తీర్చాలా? రెండో దారే మంచిదని మాకు అనిపిస్తోంది. అక్కడి పాఠాలు, లెక్చరర్లు, లోకల్ హోదా, ఉర్దూ, అన్నీ అలాగే ఉంటాయి, టైమ్ ఒక్కటి కలిసి వస్తుంది. అయితే తల్లి ఒంటరిగా ఎలా నెట్టుకొస్తుందన్నది తేలలేదు. ఈ నెలాఖరులోగా నిర్ణయం తీసుకోవాలి. ఆ కాలేజీ చుట్టుపక్కల మీకు తెలిసిన నమ్మకమైన హాస్టల్ ఉంటే, ఆ తల్లి బస్తీలో సాయంత్రాలు చిన్నవాడికి పాఠాలు చెప్పగల ఇల్లు ఉంటే, సభ ముగిశాక విద్యా కమిటీ సభ్యులను కలవండి.

అల్లాహ్ మన పిల్లల చదువుల్లో బర్కత్ ప్రసాదించుగాక. మీరిచ్చే ప్రతి రూపాయినీ, ప్రతి గంటనూ స్వీకరించుగాక. ఆమీన్.